కొండకు ఇవతల: పశ్చిమ ప్రకాశం నేర్పే భూగోళ పాఠం



స్మారకోపన్యాసానికి పిలిస్తే పోయినవారి గుణగణాలు నాలుగు చెప్పి కూర్చోవడం తేలిక. మనం ఇవాళ తలచుకుంటున్న మాస్టారికి అది నచ్చేది కాదు. క్లాసులో ఎవరైనా తనను పొగడబోతే “పటం తియ్యండ్రా” అని మాట తప్పించేవారు. జీవితమంతా ఈ చుట్టుపక్కల ఉన్నత పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం చెప్పినా, ఆయన మనసంతా భూగోళం మీదే. ప్రపంచ పటం గోడకు వేలాడదీసి, ముందు మార్కాపురం ఎక్కడుంటుందో చూపించమనేవారు. దొరకదు. అంత పెద్ద పటంలో మన ఊరికి చుక్క కూడా ఉండదు. “పటంలో లేనంత మాత్రాన లోకంలో లేనట్టు కాదు, లోకంతో సంబంధం లేనట్టూ కాదు” అనేవారు. ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఆ మాటకు వ్యాఖ్యానమే.

మానవ భూగోళ శాస్త్రం అంటే మనిషికీ చోటుకీ ఉన్న సంబంధాన్ని చదవడం. దూరం, హద్దు, వలస, కేంద్రం, అంచు, అభివృద్ధి అనే మాటలు విశ్వవిద్యాలయాల్లో పెద్ద సిద్ధాంతాలుగా వినిపిస్తాయి. వాటిని గిద్దలూరు, కంభం, మార్కాపురం, యర్రగొండపాలెం, పొదిలి, కనిగిరి నేల మీద పెట్టి చూస్తే ఎంతవరకు నిలుస్తాయో చూద్దాం. నా వాదన ముందే చెప్పేస్తాను. ఒక ప్రాంతం వెనుకబాటు దాని మట్టిలో ఉండదు. మిగతా ప్రాంతాలతో దానికున్న సంబంధంలో ఉంటుంది. సంబంధాలను కట్టేది మనుషులే కాబట్టి, వాటిని మార్చగలిగేదీ మనుషులే.

కరువు నేల అనే మాట

మన ప్రాంతం గురించి బయటివాళ్లు మొదట అనేది “అది కరువు సీమ, అక్కడి రాత అంతే” అని. భూగోళ శాస్త్రంలో ఈ ధోరణికి పాత చరిత్రే ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివర జర్మనీలో రాట్జెల్ శిష్యపరంపర వాతావరణం, నేల, నదులు మనిషి గతిని నిర్ణయిస్తాయని నమ్మింది. వలస పాలకులకు ఆ వాదం ఎంతో అక్కరకొచ్చింది. పేదరికానికి కారణం ఎండ అని తేలితే పాలన మీద ప్రశ్న ఉండదు కదా. ఫ్రాన్సులో విడాల్ ద లా బ్లాష్ దానికి అడ్డం తిరిగాడు. ప్రకృతి దారులు చూపిస్తుందే తప్ప ఏ దారిన పోవాలో శాసించదని, ఎంచుకునేది మనిషేనని ఆయన వాదించాడు.

ఈ తగాదాలో తీర్పు చెప్పడానికి మనం పారిస్ దాకా పోనక్కర్లేదు. కంభం చెరువు కట్ట మీద నిలబడితే చాలు. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ రెండు కొండల మధ్య ఇరుకు సందులోంచి బయటికొచ్చే చోట అడ్డకట్ట వేశారు. కట్ట ఎత్తు 57 అడుగులు. దాని కింద పదివేల ఎకరాలకు పైగా ఆయకట్టు. కట్టించింది గజపతుల ఆడబిడ్డ, కృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ అని స్థల చరిత్ర చెబుతుంది. అంతర్జాతీయ నీటిపారుదల సంఘం 2020లో దీన్ని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. అదే జాబితాలో ఆ ఏడాది కె.సి. కాలువ, పోరుమామిళ్ల చెరువు కూడా చేరాయి. మూడూ వాన తక్కువ కురిసే పక్కపక్క ప్రాంతాలవే.

ఆ కట్ట కట్టిన నాడూ ఇక్కడి ఎండ ఇదే, కొండలు ఇవే. వాన ఎక్కడ పడుతుంది, ఎటు పారుతుంది, ఎక్కడ ఆపితే ఎన్ని ఊళ్లు బతుకుతాయి అని లెక్క వేసిన వాళ్లున్నారు. ఆ లెక్క అమలు కావడానికి కావలసిన అధికారం, ధనం వాళ్ల వెనుక ఉన్నాయి. అయిదు శతాబ్దాల కిందట కుదిరిన పని ఇరవయ్యో శతాబ్దంలో ఎందుకు కుదరలేదు? ఈ ప్రశ్నకు జవాబు ఆకాశంలో దొరకదు, కచేరీ కాగితాల్లో వెతకాలి.

దూరాన్ని కిలోమీటర్లలో కొలవలేం

వాల్డో టోబ్లర్ అనే భూగోళ శాస్త్రవేత్త 1970లో ఒక సూత్రం చెప్పాడు. లోకంలో అన్నిటికీ అన్నిటితో సంబంధం ఉంది, కానీ దగ్గరున్న వాటి మధ్య సంబంధం ఎక్కువ అని. భూగోళ శాస్త్రపు మొదటి సూత్రంగా దాన్ని పాఠ్యపుస్తకాల్లో పెట్టారు. వెలిగొండ కథ తెలిసినవాడు ఆ సూత్రం దగ్గర కాసేపు ఆగుతాడు.

శ్రీశైలం జలాశయం మనకు కొండకు అవతలే ఉంది. కొల్లంవాగు దగ్గర కృష్ణ నీటిని అందుకుని, నల్లమల కింద రెండు సొరంగాలు తొలిచి ఇటు తేవాలన్నది వెలిగొండ పథకం. ఒక్కో సొరంగం పొడవు పంతొమ్మిది కిలోమీటర్లకు కొంచెం తక్కువ. మార్కాపురం ప్రాంతంలో కమ్యూనిస్టు నాయకుడిగా, శాసనసభ్యుడిగా ఈ నీటి కోసం గొంతెత్తిన పూల సుబ్బయ్య గారి పేరే తర్వాత ప్రాజెక్టుకు పెట్టారు. 43.5 టీఎంసీల వరద నీటిని తెచ్చి సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండ సందులను ఆనకట్టలతో మూసి నల్లమల సాగర్‌లో నింపాలి. దాని కింద ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, పదిహేను లక్షల మందికి పైగా తాగునీరు అందాలి. లెక్క అదీ.

శంకుస్థాపన 1996లో జరిగింది. ఆ సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోండి. అదే శ్రీశైలం జలాశయం నుంచి బయలుదేరిన కృష్ణా నీరు పోతిరెడ్డిపాడు, వెలుగోడు, సోమశిల, కండలేరు మీదుగా వందల కిలోమీటర్లు ప్రయాణించి తమిళనాడు సరిహద్దు దాటి చెన్నపట్నం వైపు పోయింది కూడా 1996లోనే. చెన్నైకి పదిహేను టీఎంసీలు ఇవ్వాలని కృష్ణా పరీవాహక రాష్ట్రాలు ఒప్పుకున్నది 1976లో. రెండు రాష్ట్రాల మధ్య ఒప్పందం 1983లో. పదమూడేళ్లకు నీరు చేరింది. చెన్నైవాళ్లు దప్పికతో ఉన్నారు, వాళ్లకు నీళ్లివ్వడం ధర్మమే. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. నేను చూపించదలచుకున్నది దూరం సంగతి. అంత దూరం పోయిన నీరు పంతొమ్మిది కిలోమీటర్ల కొండ కిందికి రావడానికి మొదటి సొరంగం తవ్వకం 2021లో గానీ, రెండోది 2024లో గానీ పూర్తి కాలేదు. సొరంగాలు అయ్యాక కూడా పొలం దాకా కాలువలు, నిర్వాసితులకు ఇళ్లు మిగిలాయి.

కొండ రాయి గట్టిది, యంత్రాలు మధ్యలో ఆగిపోయాయి, ఇవన్నీ నిజాలే. కానీ రాయి ఒక్కటే అడ్డమైతే పని ఏళ్ల తరబడి సాగినా ఏటేటా ముందుకు కదులుతూ ఉండేది. ఇక్కడ అలా జరగలేదు. బడ్జెట్ కేటాయింపు ఒక ఏడాది ఉబ్బింది, మరో ఏడాది ఎండిపోయింది. ప్రభుత్వం మారినప్పుడల్లా గుత్తేదారు, అంచనా, గడువు మారాయి. పైగా ఇది మిగులు జలాల మీద ఆధారపడిన ప్రాజెక్టు. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా జలాల వాటాలు పంచేనాటికి మనకంటూ నికరమైన కేటాయింపు రాసిపెట్టుకోలేదు. 2014 రాష్ట్ర విభజన చట్టం పదకొండో షెడ్యూల్లో వెలిగొండ పేరు చేరింది గనుక పూర్తిచేసే హక్కు దక్కింది. అందులో పారే నీటికి హామీ మాత్రం వరదే.

కాబట్టి టోబ్లర్ సూత్రానికి ఒక సవరణ కావాలి. దగ్గరున్నవి దగ్గరగా ఉండాలంటే మధ్యలో ధనం, చట్టం, గొంతు ఉండాలి. మహానగరానికి ఈ మూడూ ఉంటాయి. ఆ లెక్కన శ్రీశైలానికి చెన్నై దగ్గర, మార్కాపురం దూరం.

సగటు చాటున ఎవరున్నారు

ఇక హద్దుల విషయం. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా పుట్టింది. 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టుకుంది. గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి, చీరాల ప్రాంతాలు, నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు తీసి ఒకటిగా కుట్టారు. మూడు రకాల నేల, మూడు రకాల పాలనా చరిత్ర, ఒక కలెక్టరు.

తీరాన రొయ్యల చెరువులు, నల్లరేగడి, సాగర్ కాలువ, జాతీయ రహదారి. ఇటు ఎర్రనేల, గుట్టలు, బోరు మీద బతుకు. రెండూ కలిపి జిల్లా సగటు తీస్తే ఫర్వాలేదనిపించే అంకె వస్తుంది. ఇంట్లో ఒకరు కడుపునిండా తిని ఒకరు పస్తుంటే, సగటున ఇద్దరూ అరకడుపు తిన్నారని రాసుకున్నట్టు. భూగోళ శాస్త్రవేత్తలకు ఈ చిక్కు బాగా తెలుసు. గీత ఎక్కడ గీస్తే అక్కడికి తగ్గ సగటు వస్తుంది. గీత మారిస్తే పేదరికం కనిపిస్తుంది, లేదా మాయమవుతుంది. నేల మీద మాత్రం ఏదీ మారదు.

దీని ఫలితం మనం రూపాయల్లో అనుభవించాం. రాష్ట్ర విభజన తర్వాత వెనుకబడిన ప్రాంతాల కోసం కేంద్రం ప్రత్యేక సాయం ప్రకటించింది. రాయలసీమ నాలుగు జిల్లాలు, ఉత్తరాంధ్ర మూడు జిల్లాలు, మొత్తం ఏడు. జిల్లాకు ఏడాదికి 50 కోట్ల చొప్పున. ఆ జాబితాలో ప్రకాశం లేదు. కర్నూలు ఉంది. గిద్దలూరు, మార్కాపురం 1970 దాకా కర్నూలు జిల్లాలోవే. పాత గీత అలాగే ఉండి ఉంటే ఆ సాయం గిద్దలూరుకూ వర్తించేది. ఊరు కదలలేదు, వాన పెరగలేదు, బోర్లలో నీరు పైకి రాలేదు. గీత ఒక్కటే జరిగింది. నల్లమలకు అవతల ఉన్నవాడు వెనుకబడినవాడు, ఇవతల ఉన్నవాడు కోస్తావాడు అయ్యాడు.

పాలన ఎంత దూరంలో ఉందన్నది కూడా హద్దుల లోపలి సంగతే. గిద్దలూరు నుంచి ఒంగోలు దాదాపు నూటయాభై కిలోమీటర్లు. కొండ దాటితే నంద్యాల అందులో సగం కూడా లేదు. జిల్లా కేంద్రం ఒంగోలుగా ఉన్నన్నాళ్లూ కూలి చేసుకునేవాడు కలెక్టరాఫీసులో సోమవారం అర్జీ ఇవ్వాలంటే ఆ రోజు కూలి పోయేది, రానుపోను ఛార్జీ పోయేది, సంబంధిత అధికారి సెలవులో ఉంటే మరుసటి వారం మళ్లీ అవన్నీ పోయేవి. ఒంగోల్లో ఉన్నవాడికి అదే అర్జీ ఆటో ఛార్జీతో అయిపోయేది. చట్టం ముందు ఇద్దరూ సమానులే గానీ, చట్టం దగ్గరికి పోవడానికి అయ్యే ఖర్చు సమానం కాదు.

ఎముకల్లో రాసిన చరిత్ర

1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ఒక వ్యాసం వచ్చింది. షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు రాశారు. నెల్లూరు జిల్లా పల్లెల్లో మనుషుల పళ్లు గారపట్టడం, నడుములు వంగిపోవడం, కీళ్లు బిగుసుకుపోవడం చూసి, కారణం తాగే నీటిలోని ఫ్లోరైడ్ అని తేల్చారు. దేశంలో ఫ్లోరోసిస్‌ను శాస్త్రీయంగా గుర్తించడం అక్కడ మొదలైంది. నెల్లూరు జిల్లా అంటే ఇప్పటి నెల్లూరు కాదు సుమా. ఆనాటి దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు. మనవే.

ఫ్లోరైడ్ నీటి రుచిలో తెలియదు, రంగులో తెలియదు. నీరు రాతి పొరల్లో ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత కరుగుతుంది. వానలు తగ్గి బావులు ఎండి, బోరు లోతు పెరిగేకొద్దీ పాత నీరు పైకొస్తుంది, దానితో పాటు అదీ వస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. పిల్లవాడికి పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వచ్చేసరికే వాటి మీద పసుపు, గోధుమ రంగు చారలు కనిపిస్తాయి. ఎముకల బాధ బయటపడేది చాలా ఏళ్లకు. అప్పటికి చేయగలిగింది పెద్దగా ఉండదు. మందు లేదు, మంచినీళ్లే మందు.

ఇప్పుడు మన ఊళ్లలో ఆ మంచినీళ్లు క్యానులో వస్తున్నాయి. ఇరవై లీటర్ల క్యాను. కొనగలిగిన ఇల్లు తాగడానికీ వండడానికీ అవే వాడుతుంది. కొనలేని ఇల్లు తాగడానికి క్యాను, వంటకు బోరు. అదీ కుదరకపోతే రెండిటికీ బోరే. ఒకే వీధిలో, ఒకే భూమి మీద, మూడు రకాల ఎముకలు తయారవుతున్నాయి.

అభివృద్ధిని తలసరి ఆదాయంతో కొలిచే పద్ధతిని 1990లో మహబూబ్ ఉల్ హక్ రూపొందించిన మానవాభివృద్ధి నివేదిక ప్రశ్నించింది. ఆయుష్షు, చదువు కూడా లెక్కలోకి రావాలంది. ఆ ఆలోచన వెనుక అమర్త్య సేన్ ఉన్నారు. 1999లో ఆయన అభివృద్ధి అంటే స్వేచ్ఛ అని పుస్తకమే రాశారు. మనిషి తాను విలువైనదిగా భావించే బతుకు బతకగలగాలి, అదే కొలమానం అన్నారు. నడుము నిటారుగా నిలబడటం అందులో మొట్టమొదటి స్వేచ్ఛ అని నేను చేరుస్తాను. కారణం కనుక్కున్నది 1937లో. సురక్షితమైన నీరు ప్రతి ఇంటికీ నమ్మకంగా చేరడం ఇంకా పూర్తికాని పని. ఈ సందులో పుట్టిన తరాలు ఎన్నో మీరే లెక్కకట్టండి. జ్ఞానం లేక జరిగిన నష్టం కాదిది.

పలక చేసిన ప్రపంచయాత్ర

మన ప్రాంతం లోకానికి దూరంగా ఉందనుకోవడం కూడా తప్పే. కాళ్ల కింద చూడండి. మార్కాపురం, కంభం ప్రాంతపు పలకరాయి వంద కోట్ల సంవత్సరాలకు పైబడినది. పంతొమ్మిదో శతాబ్దంలో కడప, కర్నూలు శిలలను సర్వే చేసిన విలియం కింగ్ ఆ రాతి పొరలకు కంభం పేరే పెట్టాడు. ఇవాళ్టికీ భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ పేరుతోనే పిలుస్తారు.

ఆ రాయి పొరలు పొరలుగా విడుతుంది. గనిలోంచి తెచ్చిన దిమ్మె అంచున ఉలి ఆనించి సుత్తితో మెల్లగా తడుతూ పోతారు. గట్టిగా కొడితే పగులుతుంది, తేలిగ్గా కొడితే విడదు. చప్పుడు మారిందంటే పొర విడుతోందని లెక్క. చేయి తిరిగిన మనిషి ఆ చప్పుడు వినే తర్వాతి దెబ్బ వేస్తాడు. విడిన రేకును కొలతకు కోసి, అరగదీసి, నాలుగువైపులా చెక్క చట్రం బిగిస్తే పలక. కొన్ని తరాల పాటు దేశంలో ఎన్నో రాష్ట్రాల పిల్లలు ఓనమాలు దిద్దింది ఈ రాయి మీదే. తర్వాత ప్లాస్టిక్ పలక వచ్చింది, నోటుపుస్తకం చవకైంది, ఒకటో తరగతి నుంచే పెన్సిలు వచ్చింది. రాతి పలక గిరాకీ పడిపోయింది. పరిశ్రమ చావలేదు, దారి మార్చుకుంది. అదే రాయిని ఇంటి నేలకు, గోడలకు, తోట బాటలకు పరిచే బిళ్లలుగా కోసి ఐరోపాకు, అమెరికాకు ఎగుమతి చేస్తోంది.

డోరీన్ మాసీ అనే ఆంగ్ల భూగోళ శాస్త్రవేత్త 1991లో చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది. ఒక ఊరు అంటే గోడ కట్టుకున్న ముక్క కాదు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిపోయే సంబంధాలు కలుసుకునే చోటు అని ఆమె భావన. అయితే ఆ సంబంధాల్లో అందరి చేతిలో ఒకే బలం ఉండదని కూడా ఆమే చెప్పింది. సంబంధాలను నడిపేవాళ్లు కొందరు, వాటికి లోబడి నడిచేవాళ్లు కొందరు. పలక విషయంలో ఇది కళ్లకు కట్టినట్టుంది. సముద్రం అవతల ఇళ్ల నిర్మాణం మందగిస్తే ఇక్కడ కటింగ్ యంత్రం ఆగుతుంది. ఆగిన సంగతి అక్కడివాళ్లకు తెలియనే తెలియదు. ఆ రాయి అక్కడ ఒక ఇంటికి అందం. ఇక్కడ దాన్ని కోసినప్పుడు లేచిన దుమ్ములో సిలికా ఉంటుంది. నీళ్లు చల్లకుండా, ముఖానికి రక్షణ లేకుండా ఏళ్ల తరబడి కోస్తే అది ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది. సిలికోసిస్ నయమయ్యే జబ్బు కాదు. రాయి ధరలో గని, రవాణా, పన్ను, లాభం అన్నీ కలుస్తాయి. ఊపిరి ఖరీదు ఏ బిల్లులోనూ కనిపించదు. ప్రపంచ వాణిజ్యంలో మనం ఉన్నామా లేమా అని అడగడం దండగ. ఉన్నాం. ఏ షరతుల మీద ఉన్నాం అన్నదే అడగవలసింది.

పట్టాలు తెచ్చినవి, తీసుకుపోయినవి

1876–78 నాటి కరువు తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం కరువు రక్షణ కోసమని కొన్ని రైలు మార్గాలు వేసింది. బళ్లారి – కృష్ణా రైల్వే అందులో ఒకటి. నల్లమలను తొలిచి, లోయల మీద వంతెనలు కట్టి నంద్యాల నుంచి దిగువమెట్ట, గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు, దొనకొండ మీదుగా గుంటూరు వైపు తెచ్చారు. కరువొస్తే ధాన్యం చేరవేయాలన్నది ఉద్దేశం. ధాన్యం తేగలిగిన పట్టాలు మనుషులను తీసుకుపోగలవు కూడా. నూట ముప్పై ఏళ్లుగా రెండో పనే ఎక్కువ చేశాయి.

వలసల గురించి మొదట పద్ధతిగా రాసింది రావెన్‌స్టెయిన్, 1885లో. బ్రిటన్ జనాభా లెక్కలు పరిశీలించి, వలసపోయేవాళ్లలో ఎక్కువమంది దగ్గరికే పోతారని, దూరాలకు పోయేవాళ్లు పెద్ద వ్యాపార కేంద్రాలకే పోతారని చెప్పాడు. మన సంగతి రెండు విధాలా సరిపోతుంది. దగ్గరి వలస గుంటూరు, పల్నాడు మిరపకోతలకు. దూరపు వలస హైదరాబాదు, బెంగళూరు కట్టడం పనులకు.

సంక్రాంతి దాటాక యర్రగొండపాలెం, దోర్నాల, పెద్దారవీడు వైపు ఊళ్లలో తెల్లవారుజామున ఆటోలు, ట్రక్కులు బారులు తీరతాయి. మేస్త్రి ముందే అడ్వాన్సు ఇచ్చి ఉంటాడు. బియ్యం మూట, గిన్నెలు, పరదా పట్టా, చంటిబిడ్డకు ఉయ్యాల చీర. కాయ కోసినన్నాళ్లూ చేలగట్టు మీదే కాపురం. ఘాటుకు కళ్లు, చేతులు మండుతూనే ఉంటాయి. ఆ మిరపకాయ గుంటూరు యార్డు మీదుగా చైనా, ఆగ్నేయాసియా దాకా పోతుంది. ఇంట్లో ముసలివాళ్లు మిగులుతారు. వాళ్లు చూసుకోగలిగితే పిల్లలు బళ్లో ఉంటారు, లేకపోతే చేలో ఉంటారు. వార్షిక పరీక్షలకు ముందు కొన్ని బెంచీలు ఖాళీ అయ్యేది ఈ లెక్కనే. మాస్టారు ఆ రోజుల్లో హాజరుపట్టీ పట్టుకుని ఊళ్లోకి పోయి, పిల్లవాణ్ణి మా ఇంట్లో వదిలిపొమ్మని తల్లిదండ్రులను బతిమాలడం ఈ సభలో చాలామందికి తెలుసు. అలా మిగిలినవాళ్లు కొందరు ఇక్కడే కూర్చున్నారు.

వలసను వలవలా ఏడ్చి చెప్పడం కూడా నాకిష్టం లేదు. హైదరాబాదులో కూలికి పోయి, మేస్త్రీ అయి, చిన్న కాంట్రాక్టులు పట్టి, ఊళ్లో ఇల్లు కట్టి, పిల్లలను ఇంజనీర్లను చేసినవాళ్లు మన మధ్య ఉన్నారు. కదలగలగడం ఒక శక్తి. గతిలేక కదలడం వేరు, ఎంచుకుని కదలడం వేరు. గతిలేక కదలడం ఎలా పుడుతుందో ఆర్థికవేత్త గున్నార్ మిర్డాల్ 1957లో చెప్పాడు. ఎదిగే కేంద్రం చుట్టుపక్కల నుంచి పనిచేసే వయసువాళ్లను, పెట్టుబడిని లాగేసుకుంటుంది, అంచు మరింత పలచబడుతుంది, పలచబడిన చోటికి కొత్తగా ఏదీ రాదు. ఒకసారి మొదలైతే అది తనంతట తాను బలపడే చక్రం. ప్రభుత్వం కావాలని అడ్డుపడితే తప్ప మార్కెట్టు దాన్ని ఆపదు.

ఎవరి అభివృద్ధికి ఎవరి ఊరు

వెలిగొండ నీళ్లు వస్తాయని మనం సంతోషిస్తున్నప్పుడు ఇంకో పక్కా చూడాలి. నల్లమల సాగర్ నిండితే సుంకేసుల, గొట్టిపడియ, కలనూతల, గుండంచర్ల వంటి పదకొండు ఊళ్లు మునుగుతాయి. వేల కుటుంబాలు. వాళ్లు దశాబ్దాలుగా ఒక విచిత్రమైన స్థితిలో ఉన్నారు. ఊరు పోతుందని తెలుసు, ఎప్పుడో తెలియదు. పోయే ఊరు గనుక కొత్త రోడ్డు వేయరు. పాత ఇంటికి మరమ్మతు చేయించుకోవాలంటే చేయి రాదు. పరిహారం జాబితా తయారైన నాడు మైనరుగా ఉన్న పిల్లవాడు పెళ్లయి బిడ్డల తండ్రి అయ్యాడు, జాబితాలో ఇంకా తండ్రి కిందే ఉన్నాడు. ప్రాజెక్టు ఆలస్యమైతే ఆయకట్టు రైతుకు నీరు ఆలస్యం. నిర్వాసితుడికి జీవితమే ఆలస్యం.

మన పల్లెలకు నీళ్లు అడిగే నోటితోనే ఆ పదకొండు ఊళ్లకు న్యాయం అడగాలి. చెన్నై ముందు మార్కాపురం అంచు అయినట్టే, మార్కాపురం ముందు గొట్టిపడియ అంచు అయింది. కేంద్రం, అంచు అనేవి పటంలో స్థిరంగా ఉండే చోట్లు కావు. జాన్ ఫ్రీడ్‌మన్ 1966లో ఈ సిద్ధాంతం రాసినప్పుడు దేశాల స్థాయిలో, రాష్ట్రాల స్థాయిలో చూశాడు. మనం మండలం స్థాయిలో కూడా చూడవచ్చు.

ఈ మాట ఇప్పుడు మరీ అవసరం. 2022 ఏప్రిల్‌లో రాష్ట్రంలో పదమూడు జిల్లాలు ఇరవై ఆరు అయినప్పుడు మార్కాపురానికి జిల్లా రాలేదు. నిరసనలు జరిగాయి. 2025 చివరికి మార్కాపురం కేంద్రంగా జిల్లా నిర్ణయమైంది. మంచిదే. అర్జీదారుడి దూరం తగ్గుతుంది, ఒంగోలు సగటు చాటు నుంచి మనం బయటపడతాం. కానీ కొత్త జిల్లా అంటే కొత్త సగటు కూడా. నాలుగేళ్లు పోయేసరికి మార్కాపురంలో ఆఫీసులు, ఆసుపత్రులు, స్థలాల ధరలు పెరుగుతాయి, ఆ అంకెల చాటున కొత్తవాళ్లు దాక్కుంటారు.

వాళ్లెవరో ఇప్పుడే చెప్పవచ్చు. నల్లమల లోపలి చెంచు గూడేలు. 1943లో ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త చెంచుల మీద పెద్ద గ్రంథం రాశాడు. ప్రపంచంలో మానవశాస్త్రం చదివేవాళ్లకు వాళ్లు అప్పటి నుంచీ తెలుసు. యర్రగొండపాలెం మండలంలో అడవి లోపల ఉన్న పాలుట్లకు మాత్రం వానాకాలంలో జబ్బుచేస్తే డాక్టరు ఇంకా దూరమే. పులుల అభయారణ్యం నిబంధనలు ఒక పక్క, రోడ్డు లేకపోవడం ఇంకో పక్క. అడవిని కాపాడటం, అడవిలోని మనిషిని కాపాడటం ఒకదానికొకటి అడ్డు రావలసిన పనులు కావు. అలా తయారుచేసింది మనమే.

ఇక్కడున్న ఉపాధ్యాయులకు, విద్యార్థులకు నా వినతి ఒక్కటే. కొత్త జిల్లా పటం తరగతి గోడ మీదికి వచ్చాక, దాన్ని మీ చేతులతో నింపండి. ఏ ఊళ్లో తాగే నీటిలో ఫ్లోరైడ్ ఎంత, ప్రసవానికి దగ్గరి ఆసుపత్రికి ఎన్ని గంటలు, సంక్రాంతి తర్వాత బడి నుంచి ఎంతమంది పిల్లలు వెళ్లిపోతున్నారు, పలకల కార్ఖానాల్లో ఎంతమందికి దగ్గు పట్టుకుంది. ఊరివారీగా రాయండి, సగటు తీయకండి. ఆ పటం పట్టుకుని కలెక్టరు దగ్గరికి పోండి, ఇప్పుడు ఎటూ దగ్గరే ఉంటారు. జిల్లా బాగుపడిందా అని ఎవరైనా అడిగితే మార్కాపురం సెంటర్లో లేచిన భవనాలు చూపించకండి. పాలుట్ల నుంచి ఒక గర్భిణి ఎంతసేపట్లో ఆసుపత్రికి చేరిందో చెప్పండి. ఆ సమయం ఏటేటా తగ్గుతుంటే జిల్లా ముందుకు పోతున్నట్టు. తగ్గకపోతే, ఒంగోలు మనకు చేసిందే మనం వాళ్లకు చేస్తున్నట్టు.